తెర మీద ఆకలికి యాభై ఏళ్లు

1971 డిసెంబరులో అమెరికాలోని మినియాపొలిస్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు టెలిటైప్ యంత్రం చుట్టూ చేరి ఒక లెక్క తేల్చుకోవాల్సి వచ్చింది. ఎడ్లకెంత, తూటాలకెంత, బట్టలకెంత, తిండికెంత? వాళ్లకు చరిత్ర చెప్పడానికి వచ్చిన డాన్ రావిచ్, తన స్నేహితులు బిల్ హైనెమన్, పాల్ డిల్లెన్‌బర్గర్‌లతో కలిసి తయారుచేసిన ఆట అది. పేరు ‘ది ఒరెగాన్ ట్రెయిల్’. పంతొమ్మిదో శతాబ్దంలో గూడు బండ్లు కట్టుకుని పడమటికి వలసపోయిన కుటుంబాల కథ. తెర కూడా లేదు, అంతా కాగితం మీదే అచ్చవుతుంది. తర్వాత పత్రికలో వచ్చిన ప్రోగ్రామ్‌లో మరో ప్రశ్న కనిపిస్తుంది: ఈ పూట చాలీచాలకుండా తింటారా, ఓ మోస్తరుగా తింటారా, కడుపునిండా తింటారా? చాలీచాలకుండా తింటే సరుకు మిగులుతుంది, జబ్బు పడే అవకాశం పెరుగుతుంది.

నేను హైదరాబాద్‌లో గేమ్ డిజైనర్‌ని. సర్వైవల్ గేముల్లో తిండీ ఆకలీ ఎలా నడవాలో లెక్కలు వేయడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందుగా ఒక బార్ గీస్తారు, అది నిమిషనిమిషానికీ తగ్గేలా చేస్తారు, సున్నా అయితే మనిషి చచ్చిపోతాడని రాస్తారు. ఆకలి అంటే అంతే అనుకుంటారు. యాభై ఏళ్ల కిందటి ఆ బండి ప్రయాణం అంతకన్నా పెద్ద ప్రశ్న అడిగింది. ఉన్నదాన్ని ఎన్నాళ్లకు సర్దుకోవాలి అన్నది ఆ ప్రశ్న. తర్వాత వచ్చిన ఆటలు దాన్ని చాలాకాలం పక్కనపెట్టాయి. మళ్లీ దాని దగ్గరికి ఎలా వచ్చాయన్నదే నేను చెప్పదలచుకున్నది.

1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్, వాళ్లతో కలిసిన కెన్ ఆర్నాల్డ్ ‘రోగ్’ అనే ఆట తయారుచేశారు. పాతాళంలా కిందికి దిగే గదులు, అక్షరాలతో గీసిన రాక్షసులు. అందులో ఆకలి కోడ్ చూస్తే చిన్న చిన్న అంకెలే. ఆట మొదట్లో కడుపులో 1300 పాయింట్లు ఉంటాయి. అడుగుకొకటి చొప్పున తగ్గుతాయి. 300కి దిగగానే ఆకలేస్తోందని తెర మీద పడుతుంది. 150 దగ్గర నీరసం. సున్నా దాటితే ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం. అక్కడి నుంచి ఇంకో 850 దాటితే చావు. కడుపు పట్టేది 2000, ఆపైన ఎంత తిన్నా లెక్కలోకి రాదు.

నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు ముందు ఈ ఆటే ఇస్తాను. ఒకమ్మాయి రెండు గంటలు ఆడి అడిగింది.

“అక్కా, ఇందులో వంట లేదు, పంట లేదు, రుచి లేదు. మరి తిండి ఎందుకు పెట్టారు?”

“ఆకలి తీసేసి ఆడి చూడు” అన్నాను.

తీసేసి ఆడింది. దెబ్బ తగిలినప్పుడల్లా ఒక మూల నిలబడి, ఒంట్లో సత్తువ మళ్లీ నిండేదాకా ఊరికే మీట నొక్కుతూ కూర్చుంది. ‘రోగ్’లో కాలం గడిస్తే గాయం మానుతుంది. ఆకలి లేకపోతే ప్రతి పోరాటం తర్వాతా నిద్రపోవచ్చు, భయమనేదే ఉండదు. దొరికే తిండి కింది అంతస్తుల్లో దొరుకుతుంది కాబట్టి కిందికి దిగక తప్పదు. అంటే ఇక్కడ ఆకలి గడియారం పని చేస్తోంది. ఆటగాణ్ని ముందుకు తోలే అదిలింపు అది. ఆ పని అది చక్కగా చేసింది కూడా. చిక్కేమిటంటే, తర్వాతి తరం వాళ్లు తమ ఆటల్లో ఆ అవసరం ఉందో లేదో చూసుకోకుండానే గడియారాన్ని తెచ్చుకున్నారు.

అందరూ అలా కాదు. 1987లో వచ్చిన ‘నెట్‌హ్యాక్’ తిండినే తెలుసుకోవాల్సిన విద్యగా మార్చింది. చంపిన జంతువును తినొచ్చు, కానీ ఆలస్యం చేస్తే కుళ్లిపోయి ప్రాణం తీస్తుంది. బల్లి కళేబరం మాత్రం ఎన్నాళ్లయినా కుళ్లదు, అందుకే అనుభవమున్నవాళ్లు దాన్ని సంచిలో దాచుకుంటారు. ఆకలితో నీరసించినప్పుడు దేవుణ్ని ప్రార్థిస్తే కడుపు నిండుతుంది, మాటిమాటికీ ప్రార్థిస్తే దేవుడికి కోపమొస్తుంది. 1992లో ఫిన్లాండ్‌కు చెందిన సామి మారానెన్ మొదలుపెట్టిన ‘అన్‌రియల్ వరల్డ్’ ఇంకో అడుగు వేసింది. ఇనుప యుగపు ఫిన్లాండ్‌లో వేటాడిన మాంసాన్ని ఎండబెట్టాలి, పొగబెట్టాలి, ఉప్పులో ఊరబెట్టాలి. శీతాకాలం ఎలా గడుస్తుందన్నది అంతకుముందు నెలల్లో చేసిన పనిని బట్టి ఉంటుంది.

ఇక అందరికీ తెలిసిన మార్పు ‘మైన్‌క్రాఫ్ట్’లో జరిగింది. 2011లో నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాను, ఒకే ల్యాప్‌టాప్ మీద వంతులు వేసుకుని ఆడేవాళ్లం. అప్పటిదాకా ఆ ఆటలో ఆకలే లేదు. తిండి అంటే మందు. ఉడికించిన పందిమాంసం నొక్కితే ఆ క్షణమే ప్రాణాన్ని చూపే గుండెల్లో నాలుగు నిండేవి. అస్థిపంజరం బాణాలు వేస్తుంటే దాని ఎదురుగా నిలబడే గబగబా మింగేసేవాళ్లం. రొట్టె, మాంసం సంచిలోని ఒక గడిలో ఒక్కటే పట్టేవి. మొత్తం గడులు 36. గుహలోకి దిగే ముందు సగం సంచి మాంసంతో నింపితే, తవ్విన ఇనుము పెట్టుకోవడానికి చోటు మిగిలేది కాదు. దెబ్బలు తగలకపోతే మాత్రం అన్నం ముద్ద ముట్టకుండా ఏళ్లు గడిపేయొచ్చు. పొలం వేసినా అందం కోసమే.

ఆ ఏడాది సెప్టెంబరు 14న బీటా 1.8 అనే అప్‌డేట్ వచ్చింది. స్వీడన్‌లోని మొజాంగ్ వాళ్లు తిండి పద్ధతి మొత్తం తిరగరాశారు. పది గుండెల పక్కన ఆకలిని చూపే పది కోడికాళ్లు వచ్చాయి. తినడానికి సెకనున్నర పైగా పడుతుంది, తింటూ వేగంగా నడవలేము. కాబట్టి బాణాల మధ్య నిలబడి మింగడం కుదరదు. తిండి నేరుగా గాయాన్ని మాన్పదు. కడుపు దాదాపు నిండుగా ఉంటే ఒళ్లే మెల్లగా కోలుకుంటుంది. అదే అప్‌డేట్‌లో పరుగు కూడా వచ్చింది, మూడు కోడికాళ్లకు పడిపోతే ఆ పరుగు ఆగిపోతుంది. ఒకే రకం తిండి ఒక గడిలో 64 దాకా పట్టడం మొదలైంది. అప్పటిదాకా ఈకలు వదిలే జాంబీలు కుళ్లిన మాంసం వదలసాగాయి. మరీ గతిలేకపోతే అదే తినాలి, తింటే చాలాసార్లు ఆకలి ఇంకా పెరుగుతుంది.

చావు విషయంలో వాళ్లు చూపిన నిగ్రహం నాకు బాగా నచ్చుతుంది. ఆట కష్టాన్ని ఎంచుకునే స్థాయిల్లో ఈజీలో ఆకలి సగం గుండెలు తీసుకుని ఆగిపోతుంది. నార్మల్‌లో అరగుండె మిగులుస్తుంది. హార్డ్‌లో మాత్రమే చంపుతుంది. అంటే చాలామందికి ఆకలి నేరుగా ప్రాణం తీయదు. పరుగు పోతుంది, గాయం మానదు, ఇల్లు దాటి దూరం పోలేము. పొలానికీ పశువుల దొడ్డికీ అప్పుడు అవసరం పుట్టింది.

ఆ మార్పులో తెర మీద కనిపించని భాగం ఇంకొకటి ఉంది. కోడికాళ్ల వెనక మరో లెక్క నడుస్తుంది, దాన్ని శాచురేషన్ అంటారు. ఇప్పటి లెక్కల్లో కాల్చిన గొడ్డుమాంసం ఆకలి బార్‌లో 8 పాయింట్లు నింపుతుంది. కుకీ ఒకటి 2 నింపుతుంది. నాలుగు కుకీలు తిన్నా ఆ 8 నిండుతాయి, చూడటానికి రెండూ ఒకటే. కానీ మాంసం లోపల 12.8 శాచురేషన్ జమ చేస్తుంది, నాలుగు కుకీలు కలిపి 1.6 మాత్రమే. బార్ తరగడం ఈ జమ అయిపోయాకే మొదలవుతుంది. పొద్దున రాగిసంకటి తిన్నవాడు మిట్టమధ్యాహ్నం దాకా పొలంలో నిలబడతాడు, బన్ను తిన్నవాడు పది గంటలకే ఇంటి దారి చూస్తాడు. ఆ తేడాను ఏ వివరణా ఇవ్వకుండా ఆడేవాళ్ల అనుభవంలోకి తెచ్చారు. హాస్టల్లో ఎవరూ మాకు ఈ అంకెలు చెప్పలేదు. అయినా కొన్నాళ్లకే కుకీలు మానేసి మాంసం పట్టుకెళ్లడం అందరికీ అలవాటైంది.

2013లో కెనడాలోని క్లే ఎంటర్‌టైన్‌మెంట్ తెచ్చిన ‘డోంట్ స్టార్వ్’ తిండికి వయసు పెట్టింది. సరుకు వెనక రంగు ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు మారుతుంది. ఐస్‌పెట్టెలో పెడితే సగం వేగంతో పాడవుతుంది. వంట కుండలో నాలుగు వస్తువులు పడతాయి. ఒక మాంసం ముక్కకు ఏవో మూడు బెర్రీలు కలిపితే మీట్‌బాల్స్ తయారవుతాయి, అవి పచ్చి సరుకు కన్నా ఎక్కువ కడుపు నింపుతాయి. ఈ ఆటలో వంట వచ్చినవాడే శీతాకాలం దాటుతాడు.

మంచి లెక్క కూడా ఎలా వంకర పోతుందో ‘ది లాంగ్ డార్క్’ చూపించింది. 2014లో ముందస్తు విడుదలగా బయటికొచ్చిన ఈ ఆటలో మనిషి కెనడా మంచులో ఒంటరి. కడుపు 2500 కేలరీలు పడుతుంది. కేలరీలు సున్నా అయినా ఒంటి పరిస్థితి నెమ్మదిగానే దిగుతుంది, నిద్రపోతే మళ్లీ పైకొస్తుంది. ఆటగాళ్లు దీన్ని పసిగట్టారు. పగలంతా పస్తుండి, పడుకునే ముందు మాత్రం కాస్త తిని, గుప్పెడు సరుకుతో నెలల తరబడి బతికేశారు. పస్తులుండటమే తెలివైన పద్ధతి అయింది. డిజైనర్లు శిక్ష పెంచి ఉండొచ్చు. వాళ్లు వేరే దారి పట్టారు. మూడు రోజుల పాటు కేలరీలు సున్నాకు పడకుండా చూసుకుంటే ‘వెల్ ఫెడ్’ అనే స్థితి వస్తుంది. అప్పుడు ఇంకో 5 కిలోలు మోయగలరు, ఒంటికి కాస్త సత్తువ కూడా చేరుతుంది. మంచులో మోతబరువే జీవితం కాబట్టి వేళకు తినడం మళ్లీ లాభసాటి అయింది.

2021 ఫిబ్రవరిలో స్వీడన్ నుంచే వచ్చిన ‘వాల్‌హైమ్’ ఈ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్లింది. అందులో ఆకలితో ఎవరూ చావరు. తినకపోతే ప్రాణం 25 దగ్గరే ఉంటుంది, కట్టె పుల్లలు ఏరుకోవడానికి అది చాలు. మూడు రకాల తిండి తింటే ప్రాణమూ దమ్మూ ఎన్నో రెట్లవుతాయి. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ‘హార్త్ అండ్ హోమ్’ అప్‌డేట్ తిండిని విడదీసింది. కొన్ని ప్రధానంగా ప్రాణం పెంచుతాయి, కొన్ని దమ్ము పెంచుతాయి. ముందుండి దెబ్బలు కాసేవాడి భోజనం వేరు, వెనకనుంచి విల్లు లాగేవాడి భోజనం వేరు. బయల్దేరే ముందు పొయ్యి దగ్గర కూర్చుని ఎవరికేం కావాలో మాట్లాడుకోవడం ఆటలో భాగమైంది.

నేను అనంతపురం జిల్లా మెట్ట ఊరి మనిషిని. మా వైపు కరువు అనుభవమున్న పెద్దలు ఆకలి గురించి మాట్లాడినప్పుడు కడుపు మంట గురించి తక్కువ చెబుతారు. జొన్న పాతర గురించి ఎక్కువ చెబుతారు. భూమిలో గుంత తీసి, అడుగునా పక్కలా గడ్డి పరిచి, గింజలు నింపి, పైన మట్టి కప్పేవాళ్లు. తెరిచిన వెంటనే లోపలికి దిగకూడదు, చెడ్డ గాలి పోయేదాకా ఆగాలి. ఇప్పుడు మా బృందం చేస్తున్న ఆటలో ఆకలి బార్ తీసేసి ఈ పాతరనే మధ్యలో పెట్టాం. మూసి ఉన్నన్నాళ్లు గింజ నిలుస్తుంది. తెరిస్తే పురుగు పడే లోపు వాడుకోవాలి. ఎప్పుడు తెరవాలో ఆడేవాళ్లు కలిసి తేల్చుకోవాలి. విత్తనానికి ఎంత ఉంచాలో కూడా అప్పుడే తేలాలి.

ఆకలిని ఆటలో పెట్టడం చిన్న విషయం కాదని నా గట్టి నమ్మకం. కోట్లాదిమంది పిల్లలు తిండి ఎలా పుడుతుందో, ఎంత సేపట్లో తరుగుతుందో మొదట తెలుసుకునేది ఈ తెరల మీదే కావొచ్చు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లతో ఒకటే చెబుతాను: బార్ గీయడం ఆఖరి పనిగా పెట్టుకోండి. మీ లోకంలో తిండి ఎక్కడ పుడుతుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎవరు వండుతారు, వండినదాన్ని ఎవరికి పెడతారు, ఈ నాలుగూ ముందు రాయండి. అవి సరిగ్గా కుదిరితే చాలా ఆటలకు బార్ అవసరమే ఉండదు.