వెబ్ సర్వర్లు - పైథాన్ ఫ్రేమ్‌వర్కులు : అనుసంధాన విధానం

బ్రౌజరు నుండి వచ్చే అభ్యర్థనను స్వీకరించి, తగిన పుటను తిరిగి పంపే ప్రోగ్రామును వెబ్ సర్వరు అంటారు. అపాచీ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ పుటను అప్పటికప్పుడు సిద్ధపరచే ప్రోగ్రామును పైథాన్ భాషలో రచించుటకు తోడ్పడే సామగ్రి ఫ్రేమ్‌వర్కు. జాంగో, ఫ్లాస్క్ ఇట్టివే. ఈ రెంటినీ కలిపే వంతెన సర్వర్ ప్లగిన్.

పూర్వపు చిక్కు

2003 నాటికి జోప్, క్విక్సోట్, వెబ్‌వేర్ మొదలైన ఫ్రేమ్‌వర్కులు అనేకం ఉండేవి. ఫ్రేమ్‌వర్కును ఎంచుకొన్నవారికి సర్వరును ఎంచుకొనే స్వేచ్ఛ తగ్గిపోయేది. ఐదు సర్వర్లను ఆరు ఫ్రేమ్‌వర్కులతో జతపరచాలంటే 30 ప్లగిన్లు కావాలి. అందరూ ఒకే పద్ధతికి కట్టుబడితే, పక్షానికి ఒకటి చొప్పున 11 చాలు. ఊరిలోని ప్రతి రెండు భాషలకూ ఒక దుబాసీని నియమించుటకూ, అందరూ ఒక ఉమ్మడి భాష నేర్చుటకూ ఉన్న తేడా ఇదే.

ఒడంబడిక

జావా భాషలోని సర్వ్‌లెట్ పద్ధతి సాధించిన ఫలితాన్ని గమనించి, ఫిలిప్ జె. ఈబీ 2003 డిసెంబరులో పెప్ 333 అనే ప్రతిపాదనను రచించారు. అందులోని పద్ధతి పేరు డబ్ల్యూఎస్‌జీఐ. పైథాన్ 3కు అనుగుణంగా సవరించిన పెప్ 3333 2010లో వెలువడింది.

దీని ప్రకారం ఫ్రేమ్‌వర్కు సర్వరుకు ఒక ఫంక్షను వంటి దానిని అప్పగిస్తుంది. సర్వరు దానికి రెండు వస్తువులను అందిస్తుంది. మొదటిది అభ్యర్థన వివరాల పట్టిక 'ఎన్విరాన్'. రెండవది, జవాబు స్థితిని, హెడర్లను తెలుపుటకు 'స్టార్ట్ రెస్పాన్స్'. పుటలోని విషయం బైట్ల ముక్కలుగా తిరిగి వస్తుంది.

ప్లగిన్ విధులు

1. అభ్యర్థన పద్ధతిని, చిరునామాను పట్టికలో నింపాలి.
2. మొదటి బైట్ల ముక్క చేతికి వచ్చేవరకు హెడర్లను పంపరాదు. ఈలోగా దోషం తలెత్తితే, వాటి స్థానే దోష సూచనను పంపే వీలుంటుంది.
3. వచ్చిన ముక్కలను వెంటవెంటనే పంపాలి.
4. చివరకు 'క్లోజ్' ఉంటే దానిని తప్పక పిలవాలి. దోషం వచ్చినా దీనికి మినహాయింపు లేదు. మరచినచో తెరచిన ఫైళ్ళు అట్లే మిగిలిపోవచ్చు.

రెండు ఫ్రేమ్‌వర్కులు, ఒకే చిరునామా

సర్వరుకూ ఫ్రేమ్‌వర్కుకూ నడుమ మిడిల్‌వేర్ నిలువగలదు. సర్వరుకు అది ఫ్రేమ్‌వర్కుగాను, ఫ్రేమ్‌వర్కుకు సర్వరుగాను కనబడుతుంది. ఒక పాఠశాల సైటులో హాజరు భాగం జాంగోలోను, గ్రంథాలయ భాగం ఫ్లాస్క్‌లోను ఉన్నవనుకొందాం. చిరునామాలోని మొదటి భాగాన్ని బట్టి మిడిల్‌వేర్ అభ్యర్థనను ఆయా దిక్కులకు మళ్ళిస్తుంది. ఆ మొదటి భాగాన్ని 'స్క్రిప్ట్ నేమ్'కు మార్చి, మిగిలినదానిని 'పాత్ ఇన్ఫో'లో ఉంచుతుంది. రెండు భాగాలకూ ఒకే లైబ్రరీ యొక్క వేర్వేరు వెర్షన్లు అవసరమైతే విడి ప్రాసెసులు మేలు. అపాచీకి చెందిన మాడ్ డబ్ల్యూఎస్‌జీఐలోని డీమన్ పద్ధతి ఇందుకు ఉపకరిస్తుంది.

తెలుగు అక్షరాల విషయం

సర్వరు లెక్కించేది బైట్లను, అక్షరాలను కాదు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదానికీ 3 బైట్లు. 'తెలుగు' అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలు, అనగా 18 బైట్లు. 'కంటెంట్ లెంగ్త్' అని 6 రాసినచో పాఠకునికి 'తె' మాత్రమే చేరుతుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒకే బైటు గనుక అక్కడ ఈ లోపం బయటపడదు. చిరునామాలోని తెలుగు కూడా పట్టికలో లాటిన్-1 రూపంలో చేరుతుంది. దానిని బైట్లుగా మార్చి, తిరిగి యూటీఎఫ్-8గా చదవాలి. జాంగో, ఫ్లాస్క్ ఈ పని తామే చేస్తాయి. సొంతంగా ప్లగిన్ లేదా మిడిల్‌వేర్ రచించువారు మాత్రం తెలుగు పుటతోనే పరీక్షించుట అవసరం.

పరిమితి

ఒక అభ్యర్థనకు ఒక జవాబు అన్నదే ఈ పద్ధతి. ఇరువైపులా నిరంతరం సందేశాలు సాగే వెబ్‌సాకెట్లకు ఇది చాలదు. అందుకై ఏఎస్‌జీఐ అనే మరో పద్ధతి ఏర్పడింది. 2019 డిసెంబరులో విడుదలైన జాంగో 3.0 నుండి ఆ ఫ్రేమ్‌వర్కు దీనితోనూ పనిచేస్తుంది. సాధారణ సైటులకు డబ్ల్యూఎస్‌జీఐ నేటికీ సరిపోతుంది.