ఆస్కీ (ప్రచురణ సంస్థ)

ఆస్కీ 1977లో జపాను రాజధాని టోక్యోలో స్థాపించబడిన ప్రచురణ, సాఫ్టువేరు సంస్థ. కంప్యూటరులో అక్షరాలను అంకెలతో సూచించే అమెరికా సంకేత ప్రమాణం పేరునే ఈ సంస్థకు పెట్టారు. వీడియో ఆటల పత్రికలలో మిక్కిలి ప్రసిద్ధి చెందిన "ఫామిత్సు"ను 1986లో ప్రారంభించినది ఈ సంస్థయే. ఆటలు తయారుచేసే కంపెనీల ప్రకటనలపై ఆధారపడే పత్రిక, ఆ ఆటల మంచిచెడ్డలను పాఠకులకు నిష్పక్షపాతంగా ఎలా చెప్పగలదన్న ప్రశ్న ఈ సంస్థ చరిత్రలో ముఖ్యమైనది.

స్థాపన

కజుహికో నిషి, అకియో గుంజి, కెయిచిరో త్సుకమోతో అనే ముగ్గురు యువకులు దీనిని స్థాపించారు. మొదటి ప్రచురణ "ఆస్కీ" అనే కంప్యూటరు మాసపత్రిక. నిషి మరుసటి సంవత్సరం బిల్ గేట్స్‌తో పరిచయం చేసుకొన్నాడు. తత్ఫలితంగా ఆస్కీ జపానులో మైక్రోసాఫ్టు ప్రతినిధిగా వ్యవహరించింది. ఈ సంబంధం 1986లో ముగిసింది. వేర్వేరు కంపెనీల గృహ కంప్యూటర్లు ఒకే సాఫ్టువేరును నడపగలిగేలా 1983లో ప్రకటించిన ఎమ్మెస్సెక్స్ ప్రమాణం వెనుక కూడా నిషి కృషి ఉంది.

ఫామిత్సు

1982లో ఆస్కీ "లాగిన్" అనే పత్రికను ప్రారంభించింది. ఇందులో కంప్యూటరు ఆటలకు పెద్ద పీట వేశారు. 1983లో నింటెండో కంపెనీ ఫ్యామిలీ కంప్యూటరు అనే ఆటయంత్రాన్ని విడుదల చేసింది. జపాను ప్రజలు దీనిని క్లుప్తంగా "ఫామికామ్" అంటారు. ఈ యంత్రంపై ఆడే ఆట క్యాసెట్టు ఒక్కొక్కటి సుమారు 5,000 యెన్లు ఉండేది. పిల్లల చేతిఖర్చుకు ఇది పెద్ద మొత్తం. ఏది కొనదగినదో, కష్టమైన ఘట్టాలను ఎలా దాటాలో తెలుసుకోవడానికి అంతర్జాలం లేని ఆ రోజులలో పత్రికలే ఆధారం. ఫామికామ్‌కే అంకితమైన పత్రికను తోకుమా షోతెన్ సంస్థ 1985లో తెచ్చింది. ఆ సంవత్సరమే లాగిన్ పత్రికలో "ఫామికామ్ త్సూషిన్" (ఫామికామ్ సమాచారం) అనే శీర్షిక మొదలయింది. 1986 జూన్‌లో అది అదే పేరుతో విడి పత్రికగా వెలువడింది. మొదట పక్షపత్రికగా ఉండి 1991లో వారపత్రికగా మారింది. పాఠకులు వాడుకలో కుదించుకొన్న "ఫామిత్సు" అన్న పేరే 1990ల మధ్యలో అధికారిక నామమయింది.

సమీక్షా పద్ధతి

1986లోనే ఈ పత్రిక "క్రాస్ రివ్యూ" అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. నలుగురు సమీక్షకులు ఒకే ఆటకు విడివిడిగా 10కి మార్కులు వేస్తారు. ఒక్కొక్కరు రెండు మూడు వాక్యాలలో తమ అభిప్రాయం రాస్తారు. నాలుగూ కలిపితే మొత్తం 40. ఒకరి అభిరుచిపై మాత్రమే తీర్పు ఆధారపడకుండా ఉండటం దీనిలోని సౌలభ్యం. పన్నెండేళ్ళ పాటు ఏ ఆటకూ 40 మార్కులు రాలేదు. 1998లో నింటెండో వారి "జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్" మొదటిసారి ఆ ఘనత సాధించింది. తరువాతి కాలంలో పూర్తి మార్కులు పొందిన ఆటలు పెరగడంతో పత్రిక ఉదారంగా మార్కులు వేస్తున్నదన్న విమర్శ వచ్చింది.

ఈ విషయంలో యాజమాన్యం ప్రశ్న కూడా ఉంది. ఆస్కీ స్వయంగా "డర్బీ స్టాలియన్" వంటి ఆటలను ప్రచురించింది. సాధారణ వినియోగదారులు తమంతట తాము ఆటలు తయారుచేసుకోవడానికి ఉపయోగపడే "ఆర్పీజీ మేకర్" సాఫ్టువేరు కూడా ఈ సంస్థదే. కెనడాలో తయారై 2011లో విడుదలైన "టు ద మూన్" ఆటను దీనితోనే రూపొందించారు.

చీలిక, విలీనాలు

వ్యాపార విస్తరణ విషయమై నిషితో విభేదించి గుంజి, త్సుకమోతో సంస్థను వీడారు. త్సుకమోతో 1992లో ఇంప్రెస్ అనే ప్రచురణ సంస్థను నెలకొల్పాడు. ఆస్కీ ఆర్థిక ఇబ్బందులలో పడగా 1990ల చివర సీయస్కే సంస్థ దానిని ఆదుకొంది. ఆటయంత్రాల కంపెనీ అయిన సేగాకు మాతృసంస్థ కూడా అప్పట్లో సీయస్కేయే. అంటే సేగా ఆటలను సమీక్షించే పత్రిక, సేగా ఒకే గూటికి చేరాయి.

2000లో ఆటల పత్రికలను ఎంటర్‌బ్రెయిన్ అనే అనుబంధ సంస్థకు బదిలీ చేశారు. ఫామిత్సు సంపాదకత్వం నిర్వహించిన హిరోకజు హమమురా దీనికి అధ్యక్షుడయ్యాడు. 2004లో ఆస్కీ, ఎంటర్‌బ్రెయిన్ రెండూ కదోకావా ప్రచురణ సమూహం అధీనంలోకి వచ్చాయి. 2008లో ఆస్కీ, ఫామిత్సుకు పోటీగా "దెంగెకి" పత్రికలను నడిపిన మీడియావర్క్స్‌తో విలీనమై ఆస్కీ మీడియావర్క్స్‌గా మారింది. 2013లో ఈ సంస్థలన్నీ కదోకావాలో కలిసిపోయాయి. ఒకనాటి పోటీ పత్రికలు ఆ విధంగా ఒకే యాజమాన్యం కిందికి చేరాయి. ఫామిత్సు ప్రచురణ 2017లో జీజెడ్‌బ్రెయిన్ అనే అనుబంధ సంస్థకు మారింది. 2019లో ఆ సంస్థ పేరు కదోకావా గేమ్ లింకేజ్ అయింది. ఆస్కీ పేరు మాత్రం కదోకావా సమూహపు కంప్యూటరు వార్తల వెబ్‌సైటుకు మిగిలింది.