పాలవలె తెల్లబారిన నెత్తురు

దీర్ఘవ్యాధితో మంచమెక్కిన వానిని చూచి మనవారు “చిక్కి శల్యమాయెను” అందురు. ఒంటిలోని క్రొవ్వు కరగును, కండ తరుగును, ఎముకలు తేలును. ఇట్లు జరుగుటకు కారణమేమని అడిగినచో తరతరములుగా వినవచ్చు సమాధానమొకటే: లోపల చేరిన క్రిమి తినివేయుచున్నది. పరాన్నజీవి యను మాటలోనే ఈ భావము ఇమిడియున్నది. అది సగము సత్యము మాత్రమేయని నెత్తురులోని క్రొవ్వు ఎట్లు సాక్ష్యము పలికెనో నేడు మనవి చేయదలచితిమి.

ఈ కథకు మొదలు నాటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాను. ఇప్పుడది పాకిస్తానులో నున్నది. అచ్చట గుఱ్ఱములును ఒంటెలును “సర్రా” యను జబ్బుతో కృశించి చచ్చుచుండెను. 1880లో గ్రిఫిత్ ఎవాన్సు అను పశువైద్యుడు వాని నెత్తుటిని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, పాము పిల్లలవలె మెలికలు తిరుగు క్రిములను కనుగొనెను. ఇవియే ట్రిపనోసోములు. 1895లో దక్షిణాఫ్రికాలోని జూలూ దేశమున డేవిడ్ బ్రూసు ఈ జాతి క్రిమినే “నగానా” యను పశువ్యాధిలో చూచెను. సెట్సీ యను ఈగ దానిని మోసుకొని తిరుగునని తేలెను. ఆఫ్రికాలో మనుష్యులకు వచ్చు నిద్రావ్యాధికి కూడ ఈ వంశపు క్రిములే మూలము.

క్రిమి దొరకినది గాని చిక్కు విడలేదు. వ్యాధి సోకిన పశువు నెత్తుటిలో క్రిములు ఒక్కొక్కప్పుడు అతి స్వల్పముగా నుండును. పశువు బరువుతో పోల్చినచో వాని బరువు లెక్కకు రాదు. అంత చిన్న జీవి అంత పెద్ద దేహము నెట్లు తినివేయగలదు?

న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున ఆంథొనీ సెరామీ ఈ ప్రశ్నను చేపట్టెను. ఆయనయు కారొల్ రౌజరును కుందేళ్లకు ట్రిపనోసోములను ఎక్కించి పరిశీలించి, 1980లో తమ ఫలితములను ప్రకటించిరి. కుందేళ్లు చిక్కిపోయెను. ఇది అనుకొన్నదే. కాని వాని నెత్తుటినుండి వేరుపరచిన రసి నిర్మలముగా నుండుటకు మారు పాలవలె తెల్లగా నుండెను. అందు ట్రైగ్లిసరైడ్లు అను క్రొవ్వు విపరీతముగా పెరిగియుండెను. ఒంటిలో క్రొవ్వు లేక కృశించుచున్న జీవి నెత్తుటిలో క్రొవ్వు పొంగిపొరలుచున్నది! క్రిమియే తినివేయుచున్నచో ఇట్లుండరాదు గదా.

భోజనానంతరము మన నెత్తురులో క్రొవ్వు ప్రవహించును. సన్నని రక్తనాళముల గోడలకు అంటియుండు లైపోప్రోటీన్ లైపేజు అను ఎంజైము ఆ క్రొవ్వును విడగొట్టి కండలకును, క్రొవ్వు నిల్వచేయు కణములకును అందించును. వ్యాధి సోకిన కుందేళ్లలో ఈ ఎంజైము పని మందగించినది. గూడ్సుబండి నిండ సరకుతో స్టేషనులో నిలిచియున్నది. దించు కూలీలు లేరు. ఊరిలో అంగళ్లు ఖాళీ. ఆ కుందేటి స్థితి అట్టిది.

మరి కూలీలను పని మాన్పించినదెవరు? 1981లో కవాకామీ, సెరామీలు మరియొక మెట్టు ఎక్కిరి. బాక్టీరియానుండి తీసిన విషపదార్థమును ఎలుకలకిచ్చిన, క్రిమి లేకయే ఈ ఎంజైము తగ్గెను. ఆ విషమునకు చలింపని మరొక జాతి ఎలుకలు కలవు. విషము పొందిన ఎలుకల నెత్తుటి రసిని వీనికి ఎక్కింపగా వీనిలోను ఎంజైము తగ్గెను. కావున పనిచేసినది విషము కాదు. ఆ విషమును చూచి దేహము తానే పుట్టించిన యొక దూత. శత్రువులను మ్రింగి మనలను కాపాడు మాక్రోఫేజీలను రక్షకకణములే ఆ దూతను పంపుచుండెను.

దీనికి “కాకెక్టిన్” అని పేరిడిరి. గ్రీకు భాషలో ఈ పేరునకు మూలమైన మాటలకు “దుస్థితి” యని అర్థము. 1985లో బ్రూస్ బ్యూట్లరు మున్నగువారు దానిని శుద్ధిచేసి చూడగా, అది 1975లో అదే నగరమున మరియొక పరిశోధకవర్గము ట్యూమరు నెక్రోసిస్ ఫాక్టరు అను పేరుతో వర్ణించిన పదార్థమే యని తేలెను. ఒకరు దానిని కంతిని చంపు మిత్రుడనిరి. ఇంకొకరు దేహమును కృశింపజేయు శత్రువనిరి. ఇద్దరు చూచినది ఒక్కనినే.

ఈ దూతను అడ్డగించు మందులు 1990 దశకమున కీళ్లవాతరోగులకు ఉపకరించెను. లండనులో ఆ కృషిచేసిన ఇద్దరు ప్రముఖులలో రవీందర్ మైని జన్మస్థానము మన లూధియానా. అయితే క్యాన్సరురోగుల కృశత్వమును ఈ మందులు మాన్పజాలకపోయెను. దుర్బలత్వమునకు దూతలు పెక్కుమంది యని దీనివలన తెలియుచున్నది.

రోగి పడకచెంత ఈ జ్ఞానమెట్లు ఉపకరించును? 1989లో మలావీ దేశమున తీవ్ర మలేరియా సోకిన పిల్లలను పరీక్షింపగా, మరణించినవారి నెత్తుటిలో ఈ దూత హెచ్చుగా కనబడెను. మలేరియాలో ట్రైగ్లిసరైడ్లు పెరిగి కొలెస్టరాలు తగ్గుట కూడ పలుచోట్ల గమనింపబడినది. కాలా అజారు సంగతి ఇంకను స్పష్టము. ఈ వ్యాధి క్రిమిని 1903లో చార్లెస్ డోనవాను మన మద్రాసునందే గుర్తించుటచే దానికి ఆయన పేరు కలిసినది. ప్లీహమునుండి సూదితో తీసిన చుక్కలో క్రిములను లెక్కించుట వ్యాధి తీవ్రతను తెలియు మార్గము. కాని దానివలన రక్తస్రావపు అపాయము కలదు. 2011లో కలకత్తా, పాట్నా పరిశోధకులు ప్రకటించిన అధ్యయనమున, ప్లీహములో క్రిములు పెరిగినకొలది నెత్తుటిలో కొలెస్టరాలు తగ్గుచుండెను. 2013లో కలకత్తావారు ఎలుకలలో చూపిన ప్రకారము, ఆ క్రిమి కాలేయ కణములలోని ఒక నియామకమును చెరచి కొలెస్టరాలు ఉత్పత్తిని తగ్గించుచున్నది.

ఈ సాక్షిని నమ్మవలసినంతమేరకే నమ్మవలెను. కడుపునిండ తిండిలేని వానికిని, క్షయరోగికిని కొలెస్టరాలు తగ్గవచ్చును. రోగమేదియో చెప్పజాలదు గాని, తెలిసిన రోగము ముదురుచున్నదా, మరలుచున్నదా యని చెప్పుటలో తోడ్పడగలదు.

అందుచేత చిక్కి శల్యమైన రోగిని చూచినపుడు తినివేయుచున్నది క్రిమి యొక్కటే యని అనుకొనరాదు. ఇంటిలో దొంగ దూరగా, వానిని పట్టుటకై ఇంటివారు ముట్టించిన దివిటీయే ఇంటికప్పున కంటుకొనుటయు కలదు. దొంగను వెడలగొట్టుట ఎంత అవసరమో, ఆ మంటను ఆర్పుటయు అంతే అవసరమని పాలవలె తెల్లబారిన నెత్తురు మనకు నేర్పినది.