పది మంది పిల్లలకు ఒక గురువు

వికలాంగ బాలలను సాధ్యమైనంతవరకు మామూలు బడిలోనే చదివించాలని కొఠారీ కమిషన్ 1966లో సూచించింది. కేంద్రం అందుకు పథకం పెట్టింది 1974లో; అదీ విద్యాశాఖలో కాదు, సంక్షేమ శాఖలో! చదువును హక్కుగా కాక దయగా ఎంచిన దృష్టికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. విద్యాశాఖకు అది చేరడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది.

1995 చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడు. ఆటిజం గాని, అభ్యసన వైకల్యం గాని అందులో లేవు. అక్షరం పట్టుబడక దెబ్బలు తిన్న పిల్లవాడు 2016 చట్టం వచ్చేదాకా మొద్దుగానే మిగిలాడు. కొత్త చట్టం ఏడును 21 చేసింది.

మరి బోధించేదెవరు? తెలుగు రాష్ట్రాల భవిత కేంద్రాలనే చూడవచ్చు. వినికిడి లేని పాపకు పెదవుల కదలిక నేర్పిన గురువే, మరుగడియలో బుద్ధిమాంద్యమున్న బాలుడికి చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పాలి. ఆ గుండీకే నెలలు పట్టవచ్చు. ఏ పరీక్షా దానికి మార్కు వేయదు. ఆపై మంచం దిగలేని బిడ్డ ఇంటికి వెళ్లాలి. ఇంటివద్ద చదువుకునే హక్కును 2012 సవరణ ఇచ్చింది. నడిచి వెళ్లేది మాత్రం ఒప్పంద ఉద్యోగి.

ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిని వెంటనే ఖరారు చేయాలని రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ఆపై పదిహేను మందికి ఒకరు అని కేంద్రం మరుసటి ఏడు ప్రకటించింది. ఆ లెక్కన పోస్టులు మంజూరు చేయండని 2025 మార్చిలో అదే న్యాయస్థానం రాష్ట్రాలకు మళ్లీ చెప్పవలసి వచ్చింది.