నాగా కూలి: రగ్బీ ఆట చరిత్రములో నొక యధ్యాయము



మన యుత్తర తెలంగాణపు బొగ్గుగనుల యూళ్లలో, అనగా బెల్లంపల్లి, మందమఱ్ఱి, గోదావరిఖని మొదలగు చోట్ల, 'మస్టరు' 'నాగా' అను రెండు మాటలు చిన్నపిల్లలకు సైతము తెలియును. కార్మికుడు బాయికడకు పోయి హాజరు వేయించుకొన్నచో మస్టరు పడినది; పోకున్నచో నాగా అయినది. మస్టరు పడిన దినమునకు కూలి గలదు. నాగా అయిన దినమునకు లేదు. ఈ చిన్న లెక్కయే యొకప్పుడు ఇంగ్లండు దేశములో నొక యాటను రెండు ముక్కలుగా చీల్చినది. ఆ చీలిక నేటికిని నిలిచియున్నది. ఆ యాట పేరు రగ్బీ. దాని చరిత్రమును నేడు మీకు సంగ్రహముగా విన్నవింప దలచితిని.

కరీంనగరమునందు గాని ఆదిలాబాదునందు గాని రగ్బీ యాడువారు మిక్కిలి యరుదు. కావున నా యాట యెట్టిదో ముందు చెప్పవలెను. బంతి కోలగా నుండును. పక్షమునకు 15 మంది. బంతిని చేతబట్టుకొని పరుగెత్తవచ్చును. ఎదుటివారు వానిని నడుమునకో కాళ్లకో చుట్టుకొని పడవేయవచ్చును. తోడివానికి బంతి నందీయవలెనన్న వెనుకకే విసరవలెను గాని ముందునకు విసరరాదు. ఎదుటివారి గీత దాటి బంతిని నేలకు తాకించినచో గెలుపుపాళ్లు వచ్చును. మన చెడుగుడు చూచినవారికి దీని మర్మము సులభముగా బోధపడును. చెడుగుడులో కూతకు వచ్చినవానిని నలుగురు పట్టి యాపుదురు. వాడు పెనుగులాడి గీత ముట్టుటకు యత్నించును. రగ్బీలో కూత లేదు. తక్కిన పెనుగులాట యంతయు గలదు. చేయి విఱుగుట, మోకాలు బెణకుట యీ యాటలో వింత గాదు. దెబ్బ తగిలిన కూలివానికి మఱునాడు నాగా తప్పదు. ఈ విషయమును మఱువకుడు, కథకు మూలమిదియే.

ఇంగ్లండులో వార్విక్‌షైరు మండలమున రగ్బీ యను పట్టణము గలదు. అచ్చటి పాఠశాలలో నీ యాట పెరిగినది. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అను విద్యార్థి కాలిబంతి యాడుచు, నియమము నుల్లంఘించి, బంతిని చేతబట్టి పరుగెత్తెననియు, అదియే యీ యాటకు జన్మమనియు నొక కథ వాడుకలో నున్నది. ఆ కాలమునాటి సాక్ష్యము దీనికేమియు లేదు. ఆయన 1872లో చనిపోయిన పిమ్మటనే యీ కథ పుట్టినది. అయినను లోకము కథను విడువలేదు. 1987లో మొదలైన ప్రపంచపు పోటీలలో గెలిచినవారికిచ్చు కప్పునకు ఆయన పేరే పెట్టిరి.

1863లో కాలిబంతివారు తమ సంఘమును స్థాపించి, బంతిని చేతబట్టి పరుగెత్తుటను నిషేధించిరి. రగ్బీవారు వేఱుపడి 1871 జనవరి 26వ తేదీన లండనులో నొక భోజనశాలయందు సమావేశమై రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌ను ఏర్పఱచుకొనిరి. ఆ నాడు చేరిన క్లబ్బులు 21. అందు చేరినవారు పెద్దపాఠశాలలలో చదివిన న్యాయవాదులు, వర్తకులు, సంపన్నుల బిడ్డలు. శనివారమే గాదు, బుధవారము నాడు ఆడవలసివచ్చినను వారి యింటిలో పొయ్యి యాఱదు. వారు తమ్ము అమెచ్యూర్లమని చెప్పుకొనిరి. ఆ మాటకు లాటిను భాషలో మూలార్థము ప్రేమించువాడని. ఆట మీది ప్రేమ చేతనే యాడుదుము, డబ్బు ముట్టము అనుట వారి వ్రతము. వ్రతము మంచిదే. కాని కడుపు నిండినవాడు చేయు నుపవాసమునకును, కడుపు మాడువాడు చేయు నుపవాసమునకును భేదము గలదు.

ఈ యాట ఆ దినములలోనే మన దేశమునకు గూడ వచ్చినది. 1872 క్రిస్మసు పండుగనాడు కలకత్తాలో ఇంగ్లండువా రొకవైపు, స్కాట్లండు, ఐర్లండు, వేల్సువారు వేఱొకవైపు నిలిచి యాడిరి. 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు వెలసినది. బంగాళపు టెండకు, ఉక్కకు నీ యాట పొసగలేదు. సిపాయి పటాలములు కొన్ని వెడలిపోయినవి. పోలో, టెన్నిసు మొదలగునవి జనులను లాగుకొన్నవి. క్లబ్బు మూతపడు నాటికి బ్యాంకులో మిగిలియున్న వెండి రూపాయలు 270. సభ్యులు వానిని పంచుకొనక, కరగించి, మూడు నాగుబాములు పిడులుగా, మూతపై ఏనుగుతో నొక కప్పు చేయించి 1878లో ఇంగ్లండు సంఘమునకు బహూకరించిరి. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు నేటికిని ఆ కలకత్తా కప్పు కొఱకే యేటేట పోరాడుచున్నవి. మన రూపాయి యొకటి యీ రీతిగా రగ్బీ చరిత్రమున కెక్కినది.

ఇక నసలు కథకు వత్తము. ఇంగ్లండునకు ఉత్తరమున లాంకషైరు, యార్క్‌షైరు మండలములు గలవు. అవి నూలుమిల్లులకు, బొగ్గుగనులకు, ఓడరేవులకు ప్రసిద్ధములు. 19వ శతాబ్దపు నడుమ కార్ఖానా చట్టముల మూలమున శనివారము మధ్యాహ్నపు సెలవు దొరకగా, అచ్చటి కూలిజనము రగ్బీని తమ యాటగా చేసికొన్నది. 1877లో యార్క్‌షైరు కప్పు పోటీలు మొదలైనవి. వేలకొలది జనులు టిక్కెట్టు కొని చూడవచ్చిరి. క్లబ్బులకు సొమ్ము చేరుచుండెను. ఆడువానికి మాత్రము నష్టమే మిగులుచుండెను. ఏలయన, పొరుగూరిలో పోటీ యున్నచో శనివారము ఉదయమే రైలెక్కవలెను. ఆ పూట బాయిలోనికి దిగడు. దిగని పూటకు కూలి లేదు. ఈ పోయిన కూలినే వారు తమ భాషలో 'విఱిగిన కాలము' అనిరి. మన గనివారి మాటలో చెప్పవలెనన్న నది నాగా కూలి.

లండను పెద్దలు 1886లో శాసనము చేసి, ఆట పేర నెవ్వరును కాసు పుచ్చుకొనరాదని కట్టుదిట్టము చేసిరి. యార్క్‌షైరువారు ఆటలాభమును కోరలేదు. పోయిన కూలిని మాత్రము నింపుటకు సెలవిండని యడిగిరి. 1893 సెప్టెంబరులో లండనునందు జరిగిన సర్వసభ్య సమావేశములో నా తీర్మానము వోటునకు వచ్చెను. అనుకూలముగా 136, ప్రతికూలముగా 282. కూలివాడు ఓడిపోయెను.

పెద్దల వాదము కేవలము దురహంకారమని కొట్టివేయరాదు. కాలిబంతి సంఘము 1885లో జీతపుటాటగాండ్ర నంగీకరించెను. కొలది యేండ్లలోనే ధనముగల క్లబ్బులు మేటియాటగాండ్రను కొనివేయ మొదలిడినవి. రగ్బీకి సైత మా గతి పట్టునని వారి భయము. నేడు కూలి యిత్తురు, రేపు జీతమిత్తురు, ఎల్లుండి యాటగానిని సంతలో పశువువలె వేలము వేయుదురు అని వారనిరి. అందు కొంత నిజమున్నదని పిమ్మటి చరిత్రము చూపును. అయినను, లాభము కోరుట వేఱు, నష్టము వలదనుట వేఱు. ఈ రెంటిని నొక్కటిగా చూచుటయే వారి దోషమని నా యభిప్రాయము.

1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణమున జార్జి హోటలులో ఉత్తరపు క్లబ్బుల ప్రతినిధులు కూడి, పాత సంఘమును విడిచి నార్తరన్ యూనియన్‌ను స్థాపించిరి. విగన్ క్లబ్బు అందొకటి. నాగా అయిన దినమునకు 6 షిల్లింగుల వఱకు ఈయవచ్చునని వారు నియమము చేసికొనిరి. 1898లో జీతమును గూడ నంగీకరించిరి గాని, ఆటగానికి నిజమైన వృత్తి యొకటి యుండితీరవలెనని పట్టుబట్టిరి. పనిలేక తిరుగువానిని ఆడనీయలేదు. చూడుడు, ఆట కొఱకు పనిని విడువవద్దనియు, పని కొఱకు ఆటను విడువవద్దనియు వారి తలంపు. 1906లో పక్షమునకు 13 మందిగా తగ్గించి యాట తీరునే మార్చుకొనిరి. 1922లో ఆ సంఘమే రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ అను పేరు దాల్చినది.

పాత సంఘము కోపము చల్లాఱలేదు. ఆవలివారితో నొక్కమాఱు ఆడినవాడు సైత మీవలి క్లబ్బులోనికి మఱల రారాదని వెలివేసిరి. దీని ఫలము వారే యనుభవించిరి. 1892లో నాలుగు రాజ్యముల పోటీలో గెలిచిన ఇంగ్లండు మఱల నేకైక విజేత యగుటకు 1910 వఱకు వేచియుండవలసివచ్చెను. బలిష్ఠులైన గనివారు, మిల్లువారు ఆవలి పక్షమునకు పోగా జట్టు చిక్కిపోయినది.

లీగు అను మాటయే పాత సంఘమునకు గిట్టలేదు. లీగనగా క్లబ్బుల నొక వరుసలో నిలిపి, ఏడాది పొడుగున నందఱు నందఱితో నాడి, గెలుపులను బట్టి మెట్టు లెక్కుట, దిగుట. మెట్లున్నచో గెలుపుపై నాశ పెరుగును. ఆశ పెరిగినచో డబ్బు వచ్చును. ఇది వారి తర్కము. కావున నేండ్ల తరబడి క్లబ్బు కార్యదర్శులు ఉత్తరములు వ్రాసికొని తమకు నచ్చినవారితో పోటీలు కుదుర్చుకొనుచుండిరి. పేరుగల క్లబ్బు పేరుగల క్లబ్బుతోనే యాడును. పల్లెటూరి క్లబ్బు ఎంత బలముగలదైనను పెద్దవాకిలి తెఱచుకొనదు.

ఇందులకు దృష్టాంతముగా ఆరెల్ క్లబ్బు కథ చెప్పెదను. ఆరెల్ విగన్ పట్టణపు చెంతనున్న బొగ్గుగనుల పల్లె. చుట్టుపట్ల జనమంతయు పదమువ్వురి యాటపై మోజుగలవారు. నడుమ 1927లో పదునైదుగురి రగ్బీ కొఱకు నీ క్లబ్బు పుట్టెను. 1971-72లో ఇంగ్లండులో క్లబ్బుల కప్పు పోటీ మొదలైనది. 1987లో పాత సంఘము మనసు మార్చుకొని, సారా కంపెనీ యొకటి యిచ్చిన ధనముతో దేశమంతట లీగు మెట్లు కట్టెను. అగ్రశ్రేణి క్లబ్బు మొదలు పల్లె క్లబ్బు వఱకు నొక్క నిచ్చెన పై నిలిచినవి. ఆ నిచ్చెన మీద ఆరెల్ 1991-92లో బాత్ క్లబ్బుతో సమానముగా పాయింట్లు సంపాదించి, స్కోరు లెక్కలో వెనుకబడి రెండవ స్థానము పొందెను. పల్లె క్లబ్బు దేశములోని పెద్దక్లబ్బుల నన్నింటిని దాటి, ఒక్క మెట్టు దూరమున నిలిచినది. లీగు చేసిన న్యాయమిది.

1995 ఆగస్టు నెలాఖరున, హడర్స్‌ఫీల్డు చీలికకు సరిగా నూరేండ్లు నిండు వేళ, అంతర్జాతీయ రగ్బీ మండలి పారిసునందు కూడి, ఇకమీద నెవరికైనను డబ్బీయవచ్చునని ప్రకటించెను. కూలివాడు గెలిచినట్లేనా? ఆరెల్ సంగతి వినుడు. ధనవంతులు తమ క్లబ్బులకు మేటియాటగాండ్రను కొనుచుండగా, పల్లె క్లబ్బు తట్టుకొనలేక 1996-97లో అగ్రశ్రేణి నుండి జాఱెను. పిమ్మట నొక ధనికుడు పోషింప బూని, కొన్ని యేండ్లకు చేయి తీసెను. జీతగాండ్రు వెడలిరి. క్లబ్బు మెట్టుమెట్టుగా దిగి మఱల అమెచ్యూర్ల క్లబ్బయ్యెను. లీగు ఎక్కించెను, డబ్బు దింపెను. లండను పెద్దల భయమును, ఉత్తరపు గనివారి బాధయు రెండును నిజములేయని యీ యొక్క పల్లె సాక్ష్యమిచ్చుచున్నది.

ఇక మన వైపు చూతము. ఈ చిక్కును మనవారు వేఱొక త్రోవను విప్పుకొనిరి. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. ఆ యాటగాండ్రు పోలీసు కొలువులో నున్నవారు. ఆడినను జీతము, ఆడకున్నను జీతము. కావున నాగా భయము లేదు. రహీంగారి శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందెను. రైల్వేలు, బ్యాంకులు, పోలీసుశాఖ, మన సింగరేణి వంటి సంస్థలు ఆటగాండ్రకు నీడనిచ్చుట మన దేశపు పద్ధతి. ఇది మంచి పద్ధతి. కాని కొలువు దొరకినవానికే యది నీడ.

మన చెడుగుడుకు జాతీయ సంఘము 1972లో ఏర్పడినపుడు దాని పేరిలో 'అమెచ్యూర్' అను మాటను చేర్చిరి. ఆ సంఘపు నీడలోనే 2014లో ప్రో కబడ్డీ లీగు మొదలై, తెలుగు టైటన్స్ అను జట్టు వెలసి, ఆటగాండ్రను వేలము పాడుచున్నారు. 2025లో ముంబాయిలో రగ్బీకి సైతము లీగు జరిగినది. అందు హైదరాబాదు పేర నొక జట్టు గలదు. ఇవన్నియు సంతోషింపదగినవే. కాని వేలములో పేరు వచ్చువాడు వేయిమందిలో నొకడు. తక్కిన వారి మాటయేమి?

సిరిసిల్లలో మరనేత కార్మికుడు నేసిన మీటరుకే కూలి పొందును. కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో బీడీలు చుట్టు ఆడపడుచునకు వేయి బీడీలకింత యని లెక్క. వారి యింటి బిడ్డ మండలపు పోటీకి పోయి యాడినచో నొక దినపు సంపాదన పోవును. కాలు బెణకినచో పదిదినములది పోవును. పోటీ నడుపువారు పందిరి వేయుదురు, మైకు పెట్టుదురు, పెద్ద కప్పు తెత్తురు, దండలు వేయుదురు. ఆటగాని నాగా కూలిని గూర్చి యడుగువారు లేరు. ఆ మాట యడుగుట తప్పుగా తోచి యాటగాడును మిన్నకుండును. అందుచేత కొందఱు మంచి యాటగాండ్రు పెండ్లి కాగానే యాట మానివేయుదురు. వారికి ప్రేమ తఱిగినందున గాదు. ఇంటిలో బియ్యపు లెక్క పెరిగినందున.

కావున పోటీలు నడుపు యువజన సంఘములకు నా మనవి యొక్కటే. కప్పు కొంత చిన్నదైనను సరే, పందిరి కొంత తక్కువైనను సరే; వచ్చిన ఆటగానికి దారిఖర్చును, ఆ దినపు కూలిని, దెబ్బ తగిలినచో వైద్యమును ముందుగా నేర్పాటు చేయుడు. ఇది జీతము గాదు, వేలము గాదు. యార్క్‌షైరు గనివాడు 1893లో అడిగినదింతే. ఆనాడు 282 మంది కాదనిరి. కాదన్నందుకు ఆట రెండుగా చీలిపోయెను. మన యూళ్లలో ఆ ప్రశ్నకు వోటు వేయవలసినవారము మనమే. ఔననుటకు మనకు గొప్ప ధనము గాని, లండను వారి సెలవు గాని యక్కఱలేదని విన్నవించి విరమించుచున్నాను.