ఎన్నికల అప్పు: లీలండ్ యీ ఉదంతం

2014 మార్చి 26న కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటర్ లీలండ్ యీని ఎఫ్‌బీఐ అరెస్టు చేసింది. అప్పటికి ఆయన రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ పదవికి పోటీలో ఉన్నారు. ఎన్నికల నిర్వహణను పర్యవేక్షించడం, అభ్యర్థులకు అందిన విరాళాల లెక్కలను ప్రజల ముందుంచడం ఆ కార్యాలయం పని. ప్రభుత్వ పత్రాలను చూసే హక్కును కాపాడినందుకు పాత్రికేయుల సంఘమొకటి అదే నెలలో ఆయనను సత్కరించింది కూడా.

1948లో దక్షిణ చైనాలోని తైషాన్‌లో పుట్టిన యీ మూడేళ్ళ వయసులో శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. బర్క్‌లీలో చదివి, హవాయి విశ్వవిద్యాలయంలో బాలల మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు పొందారు. 1988లో నగర పాఠశాలల బోర్డుకు ఎన్నికై, ఆ తర్వాత నగర పాలక మండలి, శాసనసభ మీదుగా 2006లో సెనేట్‌కు చేరారు. పిల్లలకు హింసాత్మక వీడియో గేముల అమ్మకాన్ని నిషేధించిన 2005 నాటి చట్టం ఆయన తెచ్చినదే. 2011లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. తుపాకుల నియంత్రణ కోసం గట్టిగా వాదించేవారు. వలస వచ్చిన తల్లిదండ్రులు తమ పిల్లలకు వేలెత్తి చూపించుకునే జీవితమది.

2011లో శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్ పదవికి పోటీచేసి ఓడిపోయారు. మిగిలింది సుమారు 70 వేల డాలర్ల అప్పు. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ నగర నిబంధనల ప్రకారం ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి 500 డాలర్లకు మించి ఇవ్వరాదు. అంటే ఓడినవాడికి పూర్తి మొత్తం ఇచ్చే కొత్త దాతలు కనీసం 140 మంది కావాలి. 1976 నాటి బక్లీ తీర్పు ప్రకారం విరాళాలకు పరిమితి పెట్టవచ్చు. ప్రభుత్వ సొమ్ము స్వీకరిస్తే తప్ప, అభ్యర్థి పెట్టే ఖర్చుకు పెట్టరాదు. వచ్చే దారి ఇరుకు, పోయే దారి విశాలం. గెలిచినవాడి గుమ్మం ముందు దాతలు తామే వరుస కడతారు కనుక ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపించేది ఓడినవారిలోనే.

ఆయన కోసం విరాళాలు సేకరించిన కీత్ జాక్సన్, పాఠశాలల బోర్డు మాజీ అధ్యక్షుడు. అతడే చైనాటౌన్‌లోని చీ కుంగ్ టాంగ్ అనే సంఘానికి సలహాదారు. ఆ సంఘ నాయకుడు రేమండ్ చౌపై నిఘా పెట్టిన ఎఫ్‌బీఐ రహస్య ఉద్యోగులు జాక్సన్ ద్వారా యీ దగ్గరకు చేరారు. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ కోసం రాష్ట్ర ప్రజారోగ్య శాఖతో మాట్లాడి ఉత్తరం రాసినందుకు 10,000 డాలర్లు; చీ కుంగ్ టాంగ్‌ను ప్రశంసిస్తూ సెనేట్ తరఫున అభినందన పత్రం ఇచ్చినందుకు 6,800. చివరికి, మాఫియా మనిషిగా నటించిన ఉద్యోగితో ఫిలిప్పీన్స్ నుంచి ఆయుధాలు తెప్పించే సంగతి మాట్లాడారు. ఆ ఆయుధాలు ఎన్నడూ రాలేదు; తుపాకుల నియంత్రణకు నిలబడిన మనిషి ఆ మాటలాడాడన్నదే జనాన్ని నివ్వెరపరచింది. అప్పు ఈ నేరాలకు సాకు కాజాలదు. అయితే విలాసాల కోసం గాక, మరో ఎన్నికకు అర్హుడిగా మిగలడం కోసం చేసిన నేరాలివి.

అరెస్టైన రెండు రోజులకు సెనేట్ ఆయనను జీతంతో సస్పెండ్ చేసింది. పోటీనుంచి తప్పుకున్నా బ్యాలెట్ మీద పేరు మిగిలిపోయింది. జూన్‌లో ఆ పేరుకు 3 లక్షల 80 వేలకు పైగా ఓట్లు పడి, మూడో స్థానం దక్కింది. 2015 జులైలో నేరం ఒప్పుకున్నారు. 2016 ఫిబ్రవరిలో న్యాయమూర్తి చార్లెస్ బ్రయర్ ఐదేళ్ళ జైలుశిక్ష విధించారు. అదే ఏడాది జూన్‌లో కాలిఫోర్నియా ఓటర్లు, సస్పెండైన శాసనసభ్యుల జీతం ఆపే అధికారాన్ని సభలకు ఇచ్చారు.