సీపత్ విద్యుత్ కేంద్రం: సమాచార నిర్వహణ

ఇది ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా సీపత్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌టీపీసీ నడుపుతున్న బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రం. ఇందులో 660 మెగావాట్ల యూనిట్లు మూడు, 500 మెగావాట్లవి రెండు ఉన్నాయి. వీటి మొత్తం సామర్థ్యం 2,980 మెగావాట్లు. బొగ్గు ప్రధానంగా ఎస్‌ఈసీఎల్‌ (సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ లిమిటెడ్)కు చెందిన దీప్కా గని నుంచి వస్తుంది.

సమాచారం: ఇంత పెద్ద కేంద్రంలో ఒక బొగ్గు రేక్ (గూడ్సు రైలు) వచ్చిందంటే గని దగ్గరి తూకం, ప్లాంటులో తూకం, నమూనా కెలోరిఫిక్ విలువ (మండితే వచ్చే వేడి), బిల్లు అన్నీ నమోదు కావాలి. ఇవే అంకెలు స్టోర్స్‌కూ, ఫైనాన్స్‌కూ, ఆపరేషన్స్‌కూ అవసరం. ఎవరి రిజిస్టర్ వారిదైతే లెక్కలు కలవవు. తేడా ఎక్కడొచ్చిందో తేల్చడానికే రోజులు పడతాయి.

పద్ధతులు: ఒక వివరాన్ని ఒక్కచోటే నమోదు చేసి, అందరూ అక్కడి నుంచే చూడటం మొదటి సూత్రం. ప్లాంటు ఇంజనీరింగ్ డ్రాయింగుల్లో తాజా ప్రతినే వాడుకలో ఉంచి, పాతవాటిపై ‘రద్దు’ అని గుర్తు వేయాలి. ఏ రికార్డు ఎన్నేళ్లు ఉంచాలో, ఎవరు చూడవచ్చో ముందే రాసిపెట్టుకోవాలి. బ్యాకప్ తీయడంతో సరిపోదు, అది తిరిగి తెరుచుకుంటుందో లేదో అప్పుడప్పుడూ పరీక్షించాలి.

చట్టం: ఎన్‌టీపీసీ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు రికార్డులను జాబితా, సూచికలతో భద్రపరచాలని సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ చెబుతోంది.